నలభై ఎనిమిదో బిళ్ళ

విస్కాన్సిన్‌లో ఒక ఊరి చివర, ఇనప సామానుకు రంగుపొడి చల్లి పొయ్యిలో కాల్చే కార్ఖానా. అక్టోబరు నెల, శుక్రవారం మధ్యాహ్నం. రంగు పడకూడని రంధ్రాల మీద టేపు బిళ్ళలు అతికించి, కాలాక పీకి బోర్డుకి అంటించే బల్ల దగ్గర ఇరవై మూడేళ్ళుగా నిలబడ్డ మనిషి లొరెట్టా. ఆమె చేతికింద పని నేర్చుకుని, ఇప్పుడు ఆమెకే బాసై కూర్చున్నవాడు క్లిఫ్.

"నీ బొటనవేలు ఇలా పెట్టు."

"ఎక్కడ?"

"బోర్డు మీద. మూడో వరసలో చివరి బిళ్ళ. ఆఁ, అదే. రుద్దు."

"లొరెట్టా, అవతల నాకు సవాలక్ష పనులున్నాయి. నువ్వు ఆ తనిఖీ కాగితం మీద ముద్ర కొట్టేస్తే నేను..."

"రుద్దు, క్లిఫ్."

"రుద్దాను. ఏంటట?"

"వేలు చూసుకో."

"ఏముంది? ఏదో కాస్త రంగు అంటింది."

"ఏదో కాస్త రంగు! ఇప్పుడు పక్క బిళ్ళ రుద్దు. దాని పక్కది. వేలు అరిగేదాకా రుద్దు. అంటుతోందా?"

"లేదు."

"ఎందుకంటుతుంది? నాలుగొందల డిగ్రీల పొయ్యిలో ఇరవై నిమిషాలు కాలిన రంగాయె. గోటితో గీకినా రాదు. ఆ ఒక్కదాని మీద మాత్రం పచ్చి పొడి. పొయ్యి మొహమే చూడని బిళ్ళ అది. నేను పన్ను డాక్టరు దగ్గరికి వెళ్తూ ఏం చెప్పి వెళ్ళాను నీకు?"

"ఏదో చెప్పావు..."

"ఏదో కాదు. నలభై ఎనిమిది వాల్వులకి నలభై ఎనిమిది బిళ్ళలు అతికించాను, పీకినవి బోర్డు మీద నలభై ఏడే ఉన్నాయి, ఒకటి తగ్గింది, నేనొచ్చేదాకా ఒక్క పెట్టె కూడా కదలకూడదు అన్నాను. అన్నానా లేదా?"

"అన్నావు. నువ్వు రాగానే నేనేం చెప్పాను? దొరికిందన్నాను. పొయ్యి కింద పడి ఉంది, తీసి పెట్టాను."

"పొయ్యి కింద పడినదానికి పచ్చి పొడి ఎక్కడిదయ్యా?"

"అక్కడ నేలంతా పొడేగా. అంటుకుని ఉంటుంది."

"సరే, పీకి చూపిస్తా. చూడు. బంక చూడు, నా వేలిని వదలడం లేదు. కాలిన బిళ్ళకి ఇంత బంక ఉంటుందా? కాలినదానికి అంచులు ముడుచుకుంటాయి. ఇది టేపు చుట్ట నుంచి ఇప్పుడే ఊడదీసిన బిళ్ళ. ఎవరో దీని మీద ఇంత ఎర్రపొడి తీసి చల్లారు. పిల్లలు కేకు మీద పంచదార చల్లినట్టు."

"ఎవరో అంటే?"

"నువ్వే చెప్పు."

"నోరు ఇంకా తిమ్మిరిగానే ఉందా? సూది గట్టిగానే వేసినట్టున్నాడు డాక్టరు."

"నా నోరు బాగానే ఉంది. నీ నోటికే ఏదో అయింది. నీళ్ళు నమలకు. నువ్వే అతికించావా?"

"అప్పుడు లారీ గుమ్మంలో ఉంది, లొరెట్టా."

"నువ్వే అతికించావా?"

"లారీలోంచి హార్లన్ హారన్ మీద హారన్ కొట్టాడు. ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను. పెద్దాయన ఏమన్నాడో తెలుసా? ఇంకోసారి సరుకు ఆలస్యమైతే ఈ కుర్చీలో వేరేవాడు కూర్చుంటాడన్నాడు. అందరి ముందూ అన్నాడు."

"కాబట్టి అతికించావు."

"... అతికించాను."

"లారీ ఎప్పుడు వెళ్ళింది?"

"అరగంటైంది. చూడు, నువ్వు మరీ గాభరా పడుతున్నావు. బిళ్ళ ఎక్కడికో ఎగిరి పడి ఉంటుంది. పీకేటప్పుడు వేడి మీద ఉంటాయి, చేతికి చురుక్కుమంటుంది, విసిరేస్తాం. నలభై ఎనిమిదీ పీకే ఉంటావు నువ్వు. నీ చెయ్యి నాకు తెలీదా? ఇరవై మూడేళ్ళలో ఒక్కటి మరిచావా?"

"మరిచానో లేదో నాకెలా తెలుస్తుంది? తెలియకే కదా ఈ బోర్డు పెట్టింది. పొగిడి నన్ను పడగొట్టాలని చూడకు."

"పోనీ ఒకటి ఉండిపోయిందే అనుకో. ఏమవుతుంది? చిటికెన వేలు కూడా పట్టని రంధ్రం. దాని మీద ఒక టేపు ముక్క. బాయిలర్లో ఒత్తిడి పెరిగితే ఆవిరే దాన్ని తన్నుకుని బయటికి పోతుంది."

"ఏమన్నావు?"

"అదే, ఆవిరి తోసేస్తుందిలే అంటున్నా."

"ఒరేయ్ క్లిఫ్, నీకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఈ బల్ల దగ్గరే నిలబెట్టి చెప్పాను. మొదటి రోజే చెప్పాను. మామూలు కాగితం టేపు ఎందుకు వాడం?"

"ఇప్పుడు పరీక్ష పెడతావా నాకు?"

"పెడతా. ఎందుకు వాడం?"

"పొయ్యిలో మాడిపోతుంది. బూడిదై ఊడిపోతుంది."

"మరి ఈ పచ్చ టేపు?"

"మాడదు."

"మాడదు. ఊడదు. కరగదు. దాని మీద రంగు పడి, కాలి, గట్టిపడి ఇనుముతో ఒకటైపోతుంది. చూస్తే నున్నగా, ఎర్రగా ఉంటుంది. అక్కడ రంధ్రం ఉండేదని దాన్ని చేసినవాళ్ళు కూడా చెప్పలేరు. వేడికి ఊడకుండా ఉండాలనే దీన్ని వెతికి వెతికి తెప్పిస్తాం. అలాంటిదాన్ని ఆవిరి తోసేస్తుందా? సేఫ్టీ వాల్వు నోరు మూసేశాక ఆవిరి ఎటు పోవాలి? కుక్కర్లో చిక్కుడుకాయలు పెట్టి, మూత మీది బరువుకి సీలు వేసి, పొయ్యి ముందు నీ పిల్లని కూర్చోబెడతావా నువ్వు?"

"పిల్లల జోలికి ఎందుకు ఇప్పుడు?"

"గెర్టీ సంగతి నీకు చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మళ్ళీ విను. నాకు ముందు ఈ బల్ల గెర్టీది. ఒకే ఒక్క బిళ్ళ పీకడం మరిచింది. ఆ వాల్వు పోయి పోయి ఒక జున్ను కార్ఖానా బాయిలర్‌కి పడింది. గోడ వెళ్ళి రోడ్డుకి అవతల పడిందట. ఇద్దరు మగాళ్ళు పోయారు. ఒకడికి ఆ ఆదివారమే పెళ్ళి. ఆ తర్వాతే ఈ బోర్డు వచ్చింది, పీకిన ప్రతి బిళ్ళా దీని మీద అతికించి లెక్క చూసే అలవాటు వచ్చింది. గెర్టీ చచ్చేదాకా తన వంటింట్లో కెటిల్ కూడా పెట్టుకోలేదు. ఎక్కడైనా కుయ్‌మంటే ఉలిక్కిపడేది."

"తెలుసు. తెలుసు లొరెట్టా. నాకు తెలీదని కాదు."

"తెలిసే చేశావా! ఫోను ఇలా తే."

"ఎవరికి?"

"హార్లన్‌కి. లారీ వెనక్కి తిప్పమంటా."

"ఒద్దు. పెద్దాయనకి తెలిసిపోతుంది. అయిపోతాను నేను. దయచేసి ఒక్క మాట విను..."

"నీ కుర్చీ పోతుందనా? పోనీ. నీకు వేరే కుర్చీ దొరుకుతుంది. చెయ్యి తియ్యి. చెయ్యి తియ్యి ఫోను మీద నుంచి... హలో, హార్లన్? ఎక్కడున్నావు?"

"హైవే పక్కన, లొరెట్టా! శుక్రవారం చేపల ఆనవాయితీ కదా, వేయించిన చేప తింటున్నా. నీకో ముక్క తీసుకురానా? పన్ను పీకించుకున్నావటగా."

"చేప అక్కడే వదిలెయ్. లారీ తిప్పుకుని వెనక్కి రా."

"ఇంకో రెండు ముక్కలు..."

"ఇప్పుడే, హార్లన్."

"ఏమైంది? నీ గొంతేంటి అలా ఉంది?"

"రా. వచ్చాక చెప్తా."

ఇరవై నిమిషాలకు లారీ వచ్చింది. పెట్టెలన్నీ మళ్ళీ బల్ల మీదికి చేరాయి. లొరెట్టా జుట్టులోంచి పిన్ను తీసి నిటారుగా సాగదీసింది.

"ఒక్కొక్కటీ అందించు క్లిఫ్. హార్లన్, నువ్వు లెక్క పెట్టు. పైకి వినపడేలా."

"నేను లారీ తోలేవాణ్ణమ్మా. నాకెందుకీ పని?"

"యాభై దాకా లెక్క వచ్చుగా? చాలు. మొదలుపెట్టు."

"సరే. ఒకటి."

"పిన్ను రంధ్రంలోంచి పోతోంది. ఇంకోటి."

"రెండు."

"పోతోంది."

"మూడు. అసలు ఏం వెతుకుతున్నారు మీరు?"

"ఒక బిళ్ళ. లెక్కపెట్టు."

"నాలుగు... క్లిఫ్, ఏంటయ్యా, వాల్వు తలకిందులుగా అందిస్తున్నావు? రాత్రి బ్రాందీ కాస్త ఎక్కువైందా?"

"నోరు మూసుకుని లెక్కపెట్టు, హార్లన్."

"అబ్బో. అయిదు."

"పోతోంది."

"...పందొమ్మిది."

"పోతోంది."

"ఇరవై."

"పోతోంది. నెమ్మదిగా అందించు క్లిఫ్, కింద పడేస్తావు."

"...ముప్పై ఒకటి."

"ఆగండి."

"ఏమైంది?"

"ఆగింది. పిన్ను ఆగింది."

"లొరెట్టా..."

"మాట్లాడకు. ఆ దీపం ఇటు తిప్పు. ఇంకా. లోపల ఎర్రగా కనపడుతోంది."

"అదేనా? అయ్యో దేవుడా. అదేనా లొరెట్టా?"

"ఉండు, గుచ్చుతున్నా. కొంచెం... ఆఁ. పోయింది. రంగు బొట్టు ఒకటి అంచున గడ్డకట్టింది, అంతే. టేపు కాదు. ఇదిగో చూడు, అవతలి నుంచి వెలుతురు కనపడుతోంది."

"నా ప్రాణం పోయిందనుకున్నా."

"పోలేదుగా. అందించు. హార్లన్?"

"ముప్పై రెండు. నాకు మళ్ళీ ఆకలేస్తోంది, గొడవేంటో తెలీకపోయినా."

"...నలభై ఏడు."

"పోతోంది."

"నలభై ఎనిమిది. ఇదే ఆఖరు."

"ఉండు, ఆ దీపం ఇంకా దగ్గరికి."

"లొరెట్టా? చెప్పవే తల్లీ."

"పోతోంది."

"పోతోందా? నిజంగా?"

"పోతోంది. నలభై ఎనిమిదీ తెరిచే ఉన్నాయి. అమ్మయ్య. నన్ను కాసేపు కూర్చోనివ్వండి."

"చెప్పానా! చెప్పానా నేను? నలభై ఎనిమిదీ పీకే ఉంటావని చెప్పానా?"

"చెప్పావు. మరి ఆ బిళ్ళేది?"

"ఎక్కడో పడి ఉంటుంది. ఊడ్చేసి ఉంటారు."

"ఇవాళ ఎవరూ ఊడవలేదు. హార్లన్, నువ్వు పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చావుగా?"

"వచ్చా. నువ్వు తెచ్చిన అల్లం బిస్కెట్లు తిన్నా. నాలుగు. సరే, ఆరు."

"కాలెత్తు."

"ఏంటీ?"

"కాలెత్తవయ్యా. గుర్రానికి నాడా చూసినట్టు చూస్తా, ఎత్తు. అది కాదు, రెండోది."

"పడిపోతానమ్మా! క్లిఫ్, పట్టుకో నన్ను!"

"ఇదిగో! బూటు మడమ కింద! చూడండి, ఎర్రగా కాలింది, అంచులు ముడుచుకున్నాయి, మొత్తం బురద. నా నలభై ఎనిమిదో బిళ్ళ హైవే దాకా వెళ్ళి చేపల వాసన చూసొచ్చింది!"

"అంటే నా బూటు కోసం నా భోజనం మధ్యలో లేపారా?"

"నీ బూటు కోసం కాదు హార్లన్. సర్లే, పో. కాగితం ఇటివ్వు, ముద్ర కొడతా. ఇదిగో, నా ఏడో నంబరు ముద్ర. ఇప్పుడు తీసుకెళ్ళు, నిశ్చింతగా. వచ్చే శుక్రవారం చేప నేను పెట్టిస్తా."

"మాట తప్పితే ఊరుకోను. క్లిఫ్, బాబూ, కాస్త నవ్వు. ఎవరో పోయినట్టు మొహం పెట్టావేంటి?"

లారీ చప్పుడు దూరమైంది. ఆ తర్వాత లొరెట్టాకే నవ్వు వచ్చింది.

"ఆరు బిస్కెట్లు తిన్నాడట, దొంగ సచ్చినోడు."

"బూటుకి ఉంది. చూశావా? బూటుకి ఉంది."

"ఉంది, ఉంది."

"ఎప్పుడూ అంతే కదా లొరెట్టా? ఎక్కడో అక్కడ ఉంటుంది. బూటుకో, చీపురుకో, చొక్కా మోచేతికో. వాల్వులో ఉండదు. నీ చెయ్యి పీకకుండా వదలదు. కదా?"

"ఇవాళ్టికి ఉంది. రేపటి సంగతి నాకు తెలీదు. ఇంకోసారి ఇలాంటి పని చేశావంటే పెద్దాయన దాకా పోను, నేనే నిన్ను ఆ పొయ్యిలో పెట్టి కాలుస్తా."

"పెద్దాయనకి చెప్పవా?"

"చెప్పాలి. సోమవారం నువ్వే వెళ్ళి చెప్పు. నువ్వు చెప్తే ఒకలా ఉంటుంది, నేను చెప్తే ఇంకోలా ఉంటుంది. ఇదిగో, జున్ను ముక్కలున్నాయి, తిను. పొద్దుట్నించీ ఏమీ తిన్నట్టు లేవు."

"తినబుద్ధి కావడం లేదు."

"అయిపోయిందిగా ఇంక. తిను. ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆ పొడి చల్లాలనే తెలివి ఎక్కడిదయ్యా నీకు?"

"అదేముంది. ఉత్త పచ్చ బిళ్ళ పెడితే గుమ్మంలోంచే కనిపెట్టేస్తావని."

"అయినా చేతికంటేలా చల్లావు, తెలివితక్కువ దద్దమ్మ. ఏ పనికిరాని ఇనప ముక్క మీదో అతికించి, రంగు చల్లి, పొయ్యిలో పెట్టి తీస్తే నేను కాదు కదా, గెర్టీ లేచొచ్చినా పట్టుకోలేకపోయేది."

"దానికి ఇరవై నిమిషాలు పడుతుంది లొరెట్టా. ఇవాళ లారీ అప్పటికే గుమ్మంలో ఉంది. ఆ రోజంటే కాస్త తీరిక దొరికింది గానీ..."

"ఏ రోజు?"

"ఊఁ?"

"ఏ రోజు తీరిక దొరికింది?"

"ఏదో మాటవరసకి అన్నా. ఈ జున్ను ఎక్కడ కొన్నావు? బాగుంది."

"నువ్వింకా నోట్లో పెట్టుకోలేదు క్లిఫ్. ఏ రోజు?"

"ఏదోలే లొరెట్టా."

"నా మొహం చూసి చెప్పు. నాయనా, నీకు పని నేర్పిన చేతులివి. ఏ రోజు?"

"రెండు వారాలైంది. గురువారం."

"గురువారం. అదీ నలభై ఎనిమిదే. అవి నేనే లెక్కపెట్టాను. బోర్డు మీద నలభై ఎనిమిది ఉన్నాయి."

"నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు నలభై ఏడే ఉన్నాయి. తగ్గిందని నువ్వు చూడలేదు. నేను చూశాను. నువ్వొచ్చేలోపు ఒకటి కాల్చి పెట్టాను. అప్పుడు కూడా లారీ గురించే... అప్పుడు కూడా పెద్దాయన..."

"నేను వేలు పెట్టి రుద్దాను వాటిని. రోజూ రుద్దుతాను."

"రుద్దావు. రంగు అంటలేదు."

"నా ముద్ర కొట్టాను."

"కొట్టావు."

"నా చేత్తో కొట్టాను. ఆ వాల్వులు ఎక్కడున్నాయి? వాటిని బాయిలర్లకి బిగించేవాళ్ళకి ఫోను చెయ్యి. ఇంకా పెట్టెల్లోనే ఉండుంటాయి, ఆపేద్దాం, ఇవాళలాగే పిన్ను పెట్టి..."

"పోయిన సోమవారమే ఫోను చేశాను. ఊరికే అడిగినట్టు అడిగాను. బిగించి పంపేశామన్నారు. ఒక చోటికి కాదు. స్కూళ్ళకి, చర్చీలకి, ముసలివాళ్ళ ఆశ్రమాలకి. నాలుగు రాష్ట్రాలకి."

"రాత్రి నుంచి చలి ముదురుతుందని పొద్దున రేడియోలో చెప్పాడు."

"విన్నాను."

"అందరూ ఇవాళే గదులు వెచ్చబెట్టే బాయిలర్లు వెలిగిస్తారు క్లిఫ్. ఈ ఏడాదికి మొదటిసారి."

"తెలుసు. రెండు వారాలుగా నాకు నిద్ర లేదు లొరెట్టా, ఒట్టు. ఆ రోజు నువ్వు ఇంటికెళ్ళాక మోకాళ్ళ మీద పాకి మరీ వెతికాను. పొయ్యి కింద, బల్ల కింద, చెత్త డబ్బాలో, అందరి బూట్ల కిందా."

"దొరికింది కదూ? ఏ బూటుకో అంటుకుని ఉంది కదూ? చెప్పరా. దొరికిందని ఒక్క మాట చెప్పు."

"దొరకలేదు."